పాత తుప్ప

నల్లజీడి కొమ్మను చేతికర్రగా కొట్టుకొచ్చిన మనిషిని నా అరవై ఏడేళ్లలో ఒక్కడినే చూశాను. ఆయన పేరు వెంకటకృష్ణయ్య. మా ఇంటి ముందు రెండు గదులు అద్దెకు తీసుకున్న బిందుశ్రీకి తండ్రి. ఆ పిల్ల మా చోరనూరు బ్యాంకులో ఆఫీసరు. ఆయన తునిలో పోస్టుమాస్టరుగా పనిచేసి దిగిపోయాడు. భార్య పోయిన తర్వాత కూతురి వెంట ఈ ఊరికి వచ్చాడు. వచ్చి ఐదు నెలలు. రోజూ తెల్లవారగానే గుట్ట ఎక్కి దిగుతాడు. ఎందుకని అడిగితే షుగరు అంటాడు.

మాఘమాసం మొదటి వారంలో ఒకరోజు గుట్ట దిగి వస్తూ కర్ర తిప్పుతున్నాడు. నేను అరుగు మీద పళ్లు తోముకుంటున్నాను.

"ఆ కట్టె యాడిదప్పా?" అన్నాను.

"గుట్ట మీదదండీ. ఎంత నున్నగా ఉందో చూడండి. బెరడంతా నేనే చాకుతో గీకాను."

"పారెయ్. జీడి అది."

ఆయన నవ్వాడు. "జీడి గురించి నాకు చెబుతారేంటండీ. మాది తుని. జీడితోటల్లో పుట్టి పెరిగినవాళ్లం."

ఆయన జీడి పప్పు కాసే జీడి. మా జీడి చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టేది. ఆ గింజ రసంతో చుక్క పెడితే బట్ట చిరుగుతుంది గాని చుక్క పోదు. మనిషి ఒంటికి తగిలితే బొబ్బలు లేస్తాయి. ఈ తేడా నేను చెప్పవచ్చు. చెప్పలేదు. ఏ మాటైనా ఒకసారి చెబుతాను. రెండోసారి చెప్పడం నా అలవాటు కాదు.

ఆయన కర్రను గోడకు ఆనించి, చెమట పట్టిందని రెండు చేతులతోనూ ముఖం తుడుచుకున్నాడు. అది కూడా చూశాను.

మర్నాడు సాయంత్రానికి ఆయన ముఖం ముఖంలా లేదు. కుడికన్ను ఎటు పోయిందో ఆయనకే తెలియదు. చేతుల మీద రేగిపళ్లంత బొబ్బలు. బిందుశ్రీ ఆయనను సండూరు బస్సెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. సూది వేశారు. మాత్రలు, ఒక ట్యూబు ఇచ్చారు. తగ్గడానికి పదిరోజులు పడుతుంది, ఓపిక పట్టమన్నారు. ఓపికకు మాత్రం మాత్రలు ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక ఆ పిల్ల ఫోనులో వెతికింది. అమెరికాలో ఐవీ అని ఒక విషపు తీగ ఉందట. మన జీడికి అది దాయాది వరస అవుతుందట. దాన్ని తాకి దద్దుర్లు తెచ్చుకున్నవాళ్లు అక్కడ ఓట్స్ గంజితో స్నానం చేస్తారట. వంటసోడా పట్టు వేస్తారట. వెనిగరులో ముంచిన గుడ్డ కప్పుతారట. కలబంద గుజ్జు రాస్తారట. మూడు రోజుల్లో కృష్ణయ్యకు ఇవన్నీ అయ్యాయి. ఓట్స్ గంజికి నా నీళ్ల బాన అడిగారు, ఇచ్చాను. స్నానం తర్వాత అడుగున మిగిలింది నా కోళ్లు తిన్నాయి. కోళ్లకు బాగా పనిచేసింది.

నాలుగో రోజు పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని, బొబ్బలు గోకకూడదని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, అటూ ఇటూ ఊగుతున్నాడు. పాలు పోయడానికి వచ్చిన హులిగెమ్మ ఆయనను చూసి చెంబు కింద పెట్టింది.

"అయ్యో, జీడి పుండ్లా అప్పా? ఈ ఇంట్లోనే ఉండి ఇంత బాధ పడతాండావా? పంపమ్మ ఉంటే రెండు దినాల్లో మానుస్తా ఉండె."

"ఆమె లేదు కదా," అన్నాను నేను.

"ఆమె మందు కూడా లేదా?"

"అయిపోయింది."

అబద్ధం. అయిపోలేదు.

పంపమ్మ నా భార్య. ఈ మాఘ పున్నమికి ఆమె పోయి మూడేళ్లు. ఆమె ఉన్నప్పుడు జీడి పుండ్లకు, గజ్జికి, దద్దుర్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా ఇంటికి వచ్చేవాళ్లు. కట్టెలు కొట్టేవాళ్లు, చాకలివాళ్లు, గుట్టపక్క లారీ ఆపుకొని పొదల్లోకి పోయి వచ్చిన డ్రైవర్లు. ఆమె వంటింటి గూట్లో నుంచి ఒక పింగాణీ జాడీ దించేది. దాంట్లోది వేలితో కొంచెం తీసేది. ఇంకేదో నూరి కలిపేది. రాసి పంపేది. ఏం నూరేదో నేను చూడలేదు. అది ఆడవాళ్ల పని. ఆ జాడీని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. "మందు. మగవాళ్లు ముట్టితే గుణం పోతాది," అనేది. నేను ముట్టలేదు.

ఆమె పోయాక జాడీ గూట్లోనే ఉంది. మూతకు గుడ్డ, గుడ్డకు దారం, దారానికి ముడి. ముడి ఆమె వేసిందే. ఎత్తి చూస్తే బరువును బట్టి నాలుగు వేళ్ల లోతు ఉంటుందని తెలుస్తుంది. మూడేళ్లలో పద్నాలుగు మంది మందు కోసం వచ్చారు. అందరికీ అయిపోయిందనే చెప్పాను. ఆమె చేతితో చేసింది ఇంట్లో ఇంకేమీ మిగలలేదు. చీరలు ఆమె అక్క పంచేసింది.

హులిగెమ్మ చెంబు ఎత్తుకుంటూ కృష్ణయ్యకు చెప్పింది. "అట్లయితే భీమక్కను అడుగప్పా. పంపమ్మకు అక్క. ఆ మందు వాళ్లమ్మ ఇద్దరికీ చెప్పిచ్చింది. రెండు సందుల అవతల, నీలి తలుపు."

ఆయన నా వైపు చూశాడు. నేను కోళ్ల వైపు చూశాను.

భీమక్కకు, నాకు మాటలు లేవు. కారణం ఉంది. చనిపోయినవాళ్లకు పదకొండో రోజు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టాలి. మా వైపు దాన్ని ఎడ అంటారు. పంపమ్మకు నేను ఎడ పెట్టించాను. ఓళిగలు, చిత్రాన్నం, వడలు, కోసంబరి. తక్కువ చేయలేదు. భీమక్క వచ్చి ఆకు చూసింది. నూరుమంది ముందర అంది, "ఇవన్నీ ఈయనకు ఇష్టమైనవి. నా చెల్లెలికి ఇష్టమైంది దీంట్లో ఒక్కటీ లేదు. ముప్పై ఆరేండ్లు కాపురం చేసినాడు. తెల్దు."

ఏం ఇష్టమో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ తర్వాత రెండు సంవత్సరీకాలకూ నేను ఆమెను పిలవలేదు. ఎడలో అవే పెట్టాను. ఆమె కోళ్లు నా పెరట్లోకి వస్తే చెప్పాల్సింది కోళ్లకే చెబుతాను.

కృష్ణయ్య ఆ నీలి తలుపు దాకా పోయి అరగంటలో తిరిగి వచ్చాడు. ముఖం అంత వాచినా సంతోషం తెలుస్తూ ఉంది.

"చెప్పారండీ. చాలా మంచావిడ. పాత తుప్ప రాస్తే తగ్గిపోతుందట. ఎంత పాతదైతే అంత గుణమట. మీ ఇంట్లోనే ఉందన్నారు. తీసుకోమంటారా?"

మా వైపు తుప్ప అంటే నెయ్యి. కన్నడ మాట. ఇక్కడ తెలుగువాళ్లం కూడా అదే అంటాం. మా ఇంట్లో తుప్ప లేదని ఊరందరికీ తెలుసు. నాకు రెండు ఎనుములు ఉన్న రోజుల్లో కూడా లేదు. నెయ్యంతా సండూరులో మిఠాయి అంగడికి పోసేవాణ్ణి. ఇంట్లో నెయ్యి ఉంటే మనుషులు తింటారు. తింటే అమ్మడానికి ఉండదు. నియమం అంటే నియమం.

భీమక్క నన్ను ఎగతాళి చేయడానికే ఆయనతో ఈ మాట అనిపించిందని అనుకున్నాను.

"కనపడితే తీసుకో పో," అన్నాను.

"కనపడకేమండీ, నిలువెత్తు ఉంటే," అంటూ ఆయన పెరట్లోకి పోయాడు.

నిలువెత్తు నెయ్యి ఏమిటని ఆలోచించడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపట్లోనే కేక వినబడింది.

తునిలో తుప్ప అంటే పొద. నా పెరటి కంచెకు ఒక పాత పొద ఉంది. దాని మీద దూలగొండి తీగ అల్లుకుని ఉంది. మాఘంలో దూలగొండి కాయలు ఎండి, ఒళ్లంతా బంగారు రంగు నూగుతో మెరుస్తుంటాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. ఆ నూగు ఒకటి ఒంటికి తగిలితే ఎద్దు కూడా తాడు తెంపుకుంటుంది. కృష్ణయ్య ఆకులు, కాయలు కలిపి పిడికెడు దూసి, అరచేతుల్లో నలిపి, మెడకు, చేతులకు శుభ్రంగా పట్టించాడు. కళ్లు వాచి ఉండడం వల్ల ముఖానికి తర్వాత రాద్దామనుకున్నాడట. అదొక్కటే ఆయన అదృష్టం.

నేను పోయేసరికి ఆయన పెరట్లో గుండ్రంగా తిరుగుతున్నాడు.

"నీళ్లు! నీళ్లు పోయండి!"

"నీళ్లు పోస్తే ఇంగా ఎక్కువైతాది. నిలబడు."

"నిలబడలేనండీ!"

ఆ కేకలు రెండు సందుల అవతలికి పోయాయి. భీమక్క వచ్చింది. మూడేళ్ల తర్వాత నా ఇంట్లోకి, అదీ వెనక తలుపు నుంచి. డెబ్బై రెండేళ్ల మనిషి, పరిగెత్తినట్టే వచ్చింది. కృష్ణయ్యను చూసింది. కంచెను చూసింది. నన్ను చూడలేదు.

"ఏం పూసుకుంటివప్పా?"

"మీరు చెప్పిందేనమ్మా. పాత తుప్ప."

"ఏ తుప్ప?"

ఆయన కంచె వైపు వేలు చూపించాడు.

భీమక్క రోలు మీద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"తుప్ప అంటే నెయ్యప్పా. నెయ్యి."

"మరి ఆ ముక్క ముందే చెప్పాలి కదమ్మా!"

"నాకేం తెలుసు, మీ ఊర్లో ముండ్ల కంపను తుప్ప అంటారని. మీరు అన్నంలో ఏం పోసుకుంటారో మరి."

ఆ తర్వాత లేచింది. "ఈ ఇంటాయనకు చెప్పప్పా. పచ్చి పేడ తెమ్మను. తొందరగా."

"తెస్తున్నానని చెప్పు," అన్నాను నేను కృష్ణయ్యతో.

నాకు ఇప్పుడు ఒకటే ఎనుము, అదీ వట్టిపోయింది. ఆ పూట అది నిరాశ పరచలేదు. తట్టలో పేడ తెచ్చాను. భీమక్క ఆయన మెడకు, చేతులకు మందంగా పట్టించింది. పేడ ఎండిపోయి పెచ్చులుగా ఊడితే నూగు దాంతో పాటు ఊడి వస్తుంది. గోకితే మాత్రం నూగు లోపలికి పోతుంది. అందుకని ఆయనను ఎండలో రాయి మీద కూర్చోబెట్టి, చేతులు రెండూ కొక్కెరలా చాచి పెట్టుకోమన్నది.

పేడ పూస్తూనే ఆయనతో మాట్లాడింది. "చెప్పప్పా ఈయనకు. ఆ దూలగొండి కొట్టెయ్యమని నా చెల్లెలు చెప్పి చెప్పి చచ్చిపాయ. అది ఇంగా అట్లే ఉండాది."

"కృష్ణయ్యా, చెప్పు ఆమెకు. నా కంచె, నా ఇష్టం."

"కంచె ఆయనదే. దూల మాత్రం ఇంగొకరిది అని చెప్పు."

"అవతలి కోళ్లు రాకుండా పెట్టుకున్నానని చెప్పు."

"ఏవండీ, ఒళ్లంతా నిప్పుల్లో ఉన్నానండీ నేను," అన్నాడు కృష్ణయ్య. "మీరిద్దరూ నేరుగా చెప్పుకోకూడదా?"

"కూడదు," అన్నాం ఇద్దరం.

మూడేళ్లలో మేం కలిసి అన్న మొదటి మాట అది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన బిందుశ్రీ వెనక తలుపు దగ్గరే ఆగిపోయింది. తండ్రి ఎండలో పిడకల గోడలాగా ఉన్నాడు. ఆ పిల్ల హ్యాండ్‌బ్యాగు తీయకుండానే అడిగింది, "నాన్నా, ఇది ఏ వీడియోలో చూశావు?"

"ఇది వీడియో కాదమ్మా. భాష," అన్నాడాయన.

పేడ ఊడిపోయాక దూల సగానికి పైగా పోయింది. జీడి పుండ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఎండకు ఇంకా ఎర్రబడ్డాయి కూడా. భీమక్క చేతులు కడుక్కొని వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. అక్కడి నుంచే గూటి వైపు చూసింది.

"ఇంగ జీడికి మందు పెట్టల్ల. జాడీ దించమని చెప్పప్పా."

"జాడీ అయిపోయిందని చెప్పు."

"ఈడికే కనిపిస్తాండాది అని చెప్పు. ముసలికండ్లు నావి. ఆయనవి ఇంగా బాగానే ఉండాయి కదా."

"జాడీ ఉంది. మందు లేదు."

"మందు లేకపోతే మూతకు ముడి ఎందుకు ఉండాదో అడుగప్పా."

ముడి ఎందుకు ఉందో చెబితే మిగతాదంతా చెప్పాలి. ఒకసారి విప్పితే అది పంపమ్మ వేసిన ముడి కాదు. తిరిగి నేనే వేయాలి. ఈ మాట ఎవరితో అంటాం.

కృష్ణయ్య రాయి మీద నుంచి లేచాడు. ఒంటి నిండా పేడ మరకలు. ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది.

"వద్దులెండమ్మా," అన్నాడు. "వాళ్లావిడ చేతిది. అలాంటిది అడక్కూడదు. పదిరోజుల్లో నాలుగు అయిపోయాయి. ఆరే కదా."

తర్వాత నా వైపు తిరిగాడు.

"మా ఆవిడ పోయిన ఏడాది పెట్టిన ఆవకాయ జాడీ ఒకటి దాచుకున్నానండీ నేను. ఎవరినీ ముట్టనివ్వలేదు. మా అమ్మాయిని కూడా. తొమ్మిదేళ్లు దాచాను. ఇక్కడికి వచ్చేముందు సామాను సర్దుతూ తెరిచి చూస్తే అంతా బూజే. కడిగేశాం." మోచేతి మీది పేడ మరక గీకబోయి మానుకున్నాడు. "తినేయాల్సిందండీ. ఆవిడ తినమనే పెట్టింది కదా."

బిందుశ్రీ నేల చూపులు చూస్తోంది. ఆ పిల్లకు ఆ ఆవకాయ అందలేదు మరి.

నేను లోపలికి పోయాను. జాడీ దించాను. గుమ్మం దగ్గరికి తెచ్చి కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టాను. పాత దారం. నూనె, దుమ్ము పట్టి రాయిలా ఉంది. గోరు దిగడం లేదు. భీమక్క ముందు కాసేపు చూసింది, ఆ తర్వాత గుమ్మం పక్కనున్న కత్తిపీట లాగింది.

"కొయ్యొద్దు వదినా," అన్నాను.

ఆమె కత్తిపీట పక్కన పెట్టింది. వదినా అని నోటి నుంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోలేం. నేను పంటితో, గోటితో చాలాసేపు పడ్డాను. దారం తెగకుండానే వచ్చింది. దాన్ని చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మూత తీశాను. వాసన వచ్చింది.

నెయ్యి వాసన. మగ్గిన పాత నెయ్యి. ఎర్రగా, ఇసుకలా రవ్వకట్టి ఉంది. నా ఇంట్లో, నా గూట్లో, నేను రోజూ తల దువ్వుకునే అద్దానికి జానెడు పైన.

"ఇది తుప్ప కదా," అన్నాను.

"తుప్పే మరిదీ. నేను పొద్దున్నుంచి ఏం చెబుతాండా? మందంటే అదే. మా అమ్మ కూడా అదే చేస్తా ఉండె. నల్ల నువ్వులు నూరి దీంట్లో కలిపి పూస్తే జీడి మంట దిగుతాది. ముందుగా కొత్తిమీర రసంతో కడగల్ల. ఇంగేం లేదు."

"మూలికలు లేవా?"

"ఏం మూలికలు? నీకు చెబితే నమ్మినావు."

బిందుశ్రీ వాళ్ల గదిలో నుంచి కొత్తిమీర తెచ్చింది. నువ్వులు నా దగ్గరే ఉన్నాయి. భీమక్క నూరింది. జాడీలో వేళ్లు పెట్టి నెయ్యి తీసింది. కొసరలేదు. కృష్ణయ్య ముఖానికి, చేతులకు రాస్తూ పోయింది. నేను జాడీ పట్టుకుని నిలబడ్డాను. నాలుగు వేళ్ల లోతు రెండు వేళ్లయింది. రెండు ఒకటయింది. ఆయన "చాలమ్మా, చాలు" అంటూనే ఉన్నాడు. ఆమె వినలేదు. నేను కూడా ఆపలేదు.

అడుగుకు వచ్చేసరికి ఆమె వేలికి ఏదో తగిలింది. తీసి అరచేతిలో వేసుకుంది. నల్లగా, గట్టిగా నాలుగు గింజలు.

"ఇదో, మూలిక," అన్నాను నేను. "ఉంది కదా."

ఆమె ఒకదాన్ని వెలుగుకు పట్టి చూసింది. చిటికెలో నలిపింది. నోట్లో వేసుకుంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. పొద్దున రోలు మీద కూర్చుని నవ్విన నవ్వు కాదు. కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది.

"మూలిక కాదు. మాడు మరిదీ. అన్నం మాడు."

"మాడు దీంట్లోకి ఎట్ల వచ్చింది?"

"ఎట్ల వస్తాది? ముంచుకొని తింటే వస్తాది. చిన్నప్పటి నుంచి దానికి అదే పిచ్చి. చట్టి అడుగున మాడు గీకి, తుప్పలో అద్దుకొని తినేది. మాడు కోసం నేనూ అదీ జుట్లు పట్టుకొని కొట్టుకుంటా ఉంటిమి. ఈ ఇంటికి వచ్చినాక తుప్ప యాడిది? నువ్వు అంతా సండూరుకు పోస్తివి. అందుకే మందని చెప్పి గూట్లో పెట్టుకునింది. మగవాళ్లు ముట్టకూడదని నీకు చెప్పినానని నాకు చెప్పి ఎంత నవ్విందో. ఒక ముద్ద మందుకు, ఒక ముద్ద దాని కడుపుకు."

పంపమ్మ రోజూ నా భోజనం అయ్యాక, వంటింట్లో నేల మీద కూర్చుని, చట్టి ఒళ్లో పెట్టుకొని గరిటెతో గీకేది. ఆ చప్పుడు నాకు చిరాకు. ఒకసారి గట్టిగానే అన్నాను, అన్నం చాలకపోతే ఇంకో గ్లాసు బియ్యం వేసుకో, ఆ గీకుడు ఏమిటి దరిద్రం అని. మర్నాటి నుంచి గీకుడు వినబడలేదు. మానేసిందనుకున్నాను. నేను పొలానికి పోయాక గీకేదని ఇప్పుడు తెలుస్తోంది.

"ఆ పొద్దు ఎడలో ఇది పెట్టల్లనేనా నువ్వు అనింది?" అని అడిగాను.

"ఇదే."

"చెప్పి ఉండొచ్చు కదా."

"అడిగి ఉండొచ్చు కదా."

అక్కడితో ఆ మాట అయిపోయింది. ఇద్దరం తగ్గలేదు.

కృష్ణయ్యకు మరో రెండు రోజుల్లో వాపు దిగింది. ఐదో రోజుకు బొబ్బలు మాడాయి. పని చేసింది నెయ్యి అని భీమక్క అంది. డాక్టరు మాత్రలు అని బిందుశ్రీ అంది. కృష్ణయ్య అందరికీ తల ఊపాడు. నేను చేతికర్రను గొయ్యి తీసి పాతిపెట్టాను. కాలిస్తే ఆ పొగ తగిలి ఊరంతా వాస్తుంది. కంచె మీద దూలగొండి కూడా కొట్టేశాను. ఆమె చెప్పిందని కాదు. అద్దెకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి.

పున్నమికి సంవత్సరీకం. ముందురోజు నేను భీమక్క ఇంటికి పోయి నీలి తలుపు తట్టి, "రేపు," అని చెప్పి వచ్చాను. వస్తానని గాని రానని గాని ఆమె అనలేదు.

తెల్లవారి వంట నేనే చేశాను. ఓళిగలు వద్దనుకున్నాను. అన్నం మాడబెట్టడం ఇంత కష్టమని నాకు తెలియదు. మూడేళ్లుగా నేను వండే అన్నం రోజూ మాడుతోంది, రోజూ గీకి కోళ్లకు వేస్తున్నాను. కావాలనుకున్న రోజు మాడలేదు. మొదటిసారి మెత్తగా అయింది. రెండోసారి బొగ్గయింది. కృష్ణయ్య పొయ్యి పక్కనే కూర్చుని, "మంట తగ్గించండి, ఇప్పుడు మూత తీయకండి, వాసన చూడండి" అంటూ తంతి కార్యాలయం నడిపినట్టు నడిపాడు. మూడోసారికి చట్టి అడుగున ఎర్రగా, పలకలాగా కట్టింది. గీకాను. గరిటె చప్పుడు వంటింట్లో గట్టిగా వినబడింది.

తుప్ప హులిగెమ్మ దగ్గర తెచ్చాను. ఆకులో మాడు పెట్టి, పైన నెయ్యి పోశాను. వేరే ఏమీ పెట్టలేదు. అంత పెద్ద ఆకులో అంత చిన్న ఎడ మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. మిగిలిన నెయ్యి జాడీలో పోసి గూట్లో పెట్టాను. ఈసారి ముడి వేయలేదు.

భీమక్క వచ్చింది. చెప్పులు బయట విడిచి, ముందు తలుపు నుంచే వచ్చింది. ఆకు ముందు నిలబడి చాలాసేపు చూసింది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. కృష్ణయ్య, బిందుశ్రీ గుమ్మంలో ఉన్నారు.

ఆమె వంగింది. ఆకులో నుంచి ఒక తునక విరిచి నోట్లో వేసుకుంది. ఎడకు అందరూ మొక్కకముందే తినకూడదని ఆమెకు తెలియక కాదు. నమిలింది.

"ఇంగా రోంత మాడల్ల," అంది.

ఆ మాట కూడా నేను మరిచిపోను.